మన నిర్ణయాలకు కంపానియన్లు స్పందిస్తున్నారా, మార్కులు వేస్తున్నారా? (స్పాయిలర్లు బోలెడు)

నల్లమల_వేటగాడు
బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేమ్ రెండో అంకంలో ఉన్నాను. కథలో మన వెంట నడిచే తోటి పాత్రలే కంపానియన్లు. ఆట అద్భుతం, అందులో రెండో మాట లేదు. ఒక్క విషయం మాత్రం నన్ను తినేస్తోంది. ఏ డైలాగ్ ఎంచుకున్నా తెర మూలన "ఆస్టారియన్‌కు నచ్చింది", "గేల్‌కు నచ్చలేదు" అని పడుతుంది కదా, అది చూసీ చూసీ నేను ఆడే తీరే మారిపోయింది. మాటలు మొదలయ్యే ముందు ఎఫ్5 (ఆటను సేవ్ చేసే మీట), ఎవరికైనా నచ్చకపోతే ఎఫ్8 (ఆ సేవ్ దగ్గరికి వెనక్కి వెళ్లే మీట). నాది పాలడిన్ పాత్ర. బలహీనుల పక్షాన నిలబడతానని ప్రమాణం చేసినవాడు. వాడిప్పుడు నోరు తెరిచే ముందు వెనకున్న ముగ్గురి మొహాలూ చూసుకుంటున్నాడు.

మొదటి అంకంలో అరబెల్లా అనే టీఫ్లింగ్ (కొమ్ములుండే జాతి) పిల్లను కాగా అనే ఆమె పెంపుడు పాము ముందు నుంచి విడిపించాను. ఆ పిల్ల బతికిందని సంతోషపడాలి. నేనేమో ఎవరెవరికి నచ్చిందా అని మూలకి చూస్తున్నాను.

నాకు ఇది స్పందనలా అనిపించడం లేదు. పరీక్ష పేపర్ దిద్దినట్టుంది. మన మంచి చెడ్డలు పక్కనున్నవాళ్ల మీద నిజంగా పనిచేసిన ఆటలు మీరు ఏవి ఆడారు? ఎక్కడ, ఏ ఘట్టంలో? వివరంగా చెప్పండి.

డైస్20
ముందు ఎఫ్8 మీట ఊడబీకి పక్కన పెట్టు బ్రో. సగం సమస్య తీరిపోద్ది.

లెక్కల_మాస్టారు
వేటగాడు గారూ, నేను ఒప్పుకోను. ఆ నోటిఫికేషన్ లేకపోతే ఆట మనల్ని గమనించిందని తెలిసేదెలా? ఎదురుగా మనిషుంటే మొహం చూసి పసిగడతాం. ఆటలో మొహాలన్నీ అంత సూక్ష్మంగా తీయలేరు, ప్రతి చిన్న పనికీ గొంతు రికార్డ్ చేయలేరు. ఆ లోటు పూడ్చేది ఆ చిన్న వాక్యమే. నేను ఒక బిచ్చగాడికి డబ్బులిస్తే లేజెల్ అనే కంపానియన్‌కు నచ్చలేదని పడింది. ఆవిడ ఎలాంటిదో నాకు అక్కడే తెలిసింది. నంబర్ దాచేస్తే గొప్ప కథ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. దాచిన నంబర్ కూడా నంబరే.

పాతకాపు_నెట్‌సెంటర్
ఈ గొడవ ఈనాటిది కాదు. 1998లో మొదటి బాల్డర్స్ గేట్‌లోనే మన పరువుకు 1 నుంచి 20 దాకా అంకె ఉండేది. అది పడిపోతే పార్టీలో మంచివాళ్లు వెళ్లిపోతారు, మరీ పెరిగితే దుర్మార్గులు వెళ్లిపోతారు. ఎడ్విన్ లాంటి మంత్రగాణ్ణి వెంట ఉంచుకోవాలంటే ఒక దశ దాటాక మంచి పనులు ఆపుకోవాల్సి వచ్చేది. పోయిన పరువును గుళ్లో బంగారం కానుక వేసి మళ్లీ తెచ్చుకోవచ్చు కూడా. కొనుక్కోవడం అప్పటి నుంచే ఉంది.

అయితే 2000లో వచ్చిన రెండో భాగంలో అంకెతో పనిలేని తగువులు పెట్టారు. వికోనియా డ్రౌ (చీకటి ఎల్ఫ్ జాతి), చీకటి దేవత షార్‌ను కొలిచేది. కెల్డోర్న్ ముసలి పాలడిన్. ఇద్దరినీ ఒకే పార్టీలో తిప్పితే మాటామాటా పెరిగి చివరికి కత్తులు దూసుకుంటారు. అక్కడ నీ పరువు పదా, పదిహేనా అని అడిగేవాడు లేడు. వాళ్లిద్దరినీ పక్కపక్కన నడిపించడమే నువ్వు చేసిన నిర్ణయం.

ఇంకా వెనక్కి పోతే 1992 నాటి అల్టిమా 7. దొంగతనం చేస్తే ఇయోలో అనే కంపానియన్ ముఖం మీదే గొణిగేవాడు. మానకపోతే కంపానియన్లు వదిలేసి పోయేవాళ్లు. నీతి గురించి ఉపన్యాసం లేదు, మూలన నోటిఫికేషన్ లేదు.

ఓరుగల్లు_పోరడు
నాకైతే కోటార్ యాదికొస్తది. నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్, 2003, స్టార్ వార్స్ ఆట. చీకటి దారి పట్టినవనుకో, ఆ రకాటా గుడి మీద నీ వెంటున్న జోలీ, జుహానీ ఇద్దరు ఎదురు తిరుగుతరు. నీ చేత్తోనే వాళ్లను సంపాల్సొస్తది. కార్త్ ఉరికిపోతడు. మిషన్ అని చిన్న పిల్ల ఉంటది, ఆమె గూడ ఒప్పుకోదు. ఆమెకు ప్రాణదోస్తు జాల్బార్. నీకు రుణపడి ఉన్నోడు. అదే జాల్బార్‌తోని ఆ పిల్లను సంపియ్యొచ్చు. నేను ఆ మాట తెర మీద కనబడంగనే ఆట బంద్ జేసిన. ఆ సేవ్ మల్ల తెరవలే. ఏ మీటర్ లేకుంటనే గంత పని జేసింది.

డైస్20
@ఓరుగల్లు_పోరడు ఆ సీన్ గుర్తు చేయొద్దన్నా, పొద్దున్నే.

గోదారి_గట్టు
డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ (2009) ఎవరూ ఎత్తలేదేంటి? వేటగాడు గారి ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంది, రెండు వైపులా.

చెడ్డ వైపు ముందు చెబుతా. అప్రూవల్ (మనమంటే కంపానియన్‌కు ఎంత ఇష్టమో చెప్పే అంకె) మైనస్ 100 నుంచి ప్లస్ 100 దాకా. క్యాంప్‌కి వెళ్లి కానుకలు ఇస్తే పెరిగిపోతుంది. పగలంతా మోరిగన్ అనే కంపానియన్‌కి గిట్టని పనులు చేసి, రాత్రికి ఒక నగ చేతిలో పెడితే సర్దుకుంటుంది. తర్వాత కానుకలతోనే ఒక డీఎల్‌సీ (విడిగా కొనే అదనపు భాగం) కూడా అమ్మారు, అందులోవి ఇస్తే అప్రూవల్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. వేటగాడు గారు అంటున్న జబ్బు అక్కడ ముదిరి ఉంది.

ఇక మంచి వైపు. అదే ఆటలో అలిస్టర్ అనే కంపానియన్. అప్రూవల్ వందకు వంద. వాడి తల్లి లాకెట్ రెడ్‌క్లిఫ్ కోటలో వెతికి తెచ్చి ఇచ్చాను. వాడి బాధ విన్నాను, వాడి అక్క దగ్గరికి తోడెళ్లాను. చివరికి లాండ్స్‌మీట్ అనే సామంతుల సభలో మన శత్రువు లోగెయిన్ ఓడి మోకాళ్ల మీద ఉన్నాడు. వాణ్ణి చంపకుండా గ్రే వార్డెన్లలో (మన వీరుల దళంలో) చేర్చుకుందామని ఒక దారి ఇస్తారు. రాజనీతిగా చూస్తే అది తెలివైన పనే. అనుభవం ఉన్న సేనాధిపతి, ముందు పెద్ద యుద్ధం ఉంది. నేను సరేనన్నాను. అలిస్టర్ నా వంక చూసి, తన గురువు డంకన్‌ను చావుకు వదిలేసి పోయిన మనిషి పక్కన తను నిలబడనని చెప్పి వెళ్లిపోయాడు. ఆ వంద మార్కులూ ఎందుకూ పనికిరాలేదు. స్నేహం ఉంది కాబట్టి తగ్గుతాడని నేను అనుకున్నాను, స్నేహం ఉంది కాబట్టే వాడికి అంత మంట పుట్టింది.

డ్రాగన్ ఏజ్ 2లో కిర్క్‌వాల్ సారాకొట్టులోకి వెళ్లినప్పుడు వాడు అక్కడ తప్పతాగి కనిపిస్తాడు, ఆ సేవ్‌ను తెచ్చుకుని ఉంటే. మా చెల్లెలు పక్కన కూర్చుని చూస్తూ ఉండేది అప్పట్లో. ఆ రోజు అన్నం తినలేదు, నాతో మాట్లాడలేదు.

సంధ్యారాగం
గోదారి గారు చెప్పిన రెండు వైపులూ ఒకే ఆటలో ఉండడమే అసలు సంగతి. అదే ఆరిజిన్స్‌లో పవిత్ర భస్మం ఘట్టం చూడండి. కోల్‌గ్రిమ్ అనే మతోన్మాది మాట విని భస్మంలో డ్రాగన్ రక్తం పోస్తే, పక్కనే ఉన్న వైన్, లెలియానా మన మీదే కత్తి ఎత్తుతారు. ఎన్ని కానుకలిచ్చినా వైన్ ఆగదు. కానీ అంతకు ముందు పాత గురువు మార్జొలేన్ వ్యవహారంలో లెలియానా మనసును మనమే రాయి చేసి ఉంటే, ఆవిడ ఊరుకునే వీలుంది. అంటే ఆవిడ ఆ రోజు మౌనంగా ఉండిపోవడానికి ఎప్పుడో క్యాంప్‌లో మనం చెప్పిన నాలుగు మాటలు కారణం. మనం చేసిన పనికి ఆవిడ ఊ అందా కాదందా అని కాకుండా, మన వల్ల ఆవిడ ఏమైపోయిందో చూపించారు. నాకు అలాంటి స్పందన కావాలి.

లెక్కల_మాస్టారు
@సంధ్యారాగం లెలియానా విషయం బాగా చెప్పారు, కాదనను. కానీ వైన్ మరీ స్క్రిప్ట్ ప్రకారమే నడుస్తుంది కదా. నేను ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించినా ఒక్క పనికే మొత్తం చెరిగిపోతే, ఆ సంపాదన దేనికి?

సంధ్యారాగం
@లెక్కల_మాస్టారు మనిషన్నాక కొన్ని పనులు ఎవరి కోసమైనా సహించలేడు కదండీ. ఆవిడకు ఆ భస్మం అలాంటిది. సంపాదించిన నమ్మకంతో దాన్ని కూడా కొనగలిగితే ఆవిడకంటూ నమ్మకం ఏముంది?

పెన్నా_ఒడ్డు
రామాయణంలో విభీషణుడు అన్న చేసింది తప్పని చెప్పి లంక వదిలేశాడు. కుంభకర్ణుడూ తప్పనే చెప్పాడు, కానీ అన్న కోసం నిలబడి ప్రాణం ఇచ్చాడు. రావణుడు చేసిన పని ఒక్కటే, ఇద్దరికీ నచ్చలేదు. ఒకడు పోయాడు, ఒకడు ఉన్నాడు. ఇప్పటి ఆటల్లో విభీషణులు చాలామందే ఉన్నారు. కుంభకర్ణులను రాసేవాళ్లే తక్కువ. నచ్చకపోయినా వెంట నడిచే కంపానియన్ ఎక్కడైనా ఉన్నాడా?

కడప_కారం
@పెన్నా_ఒడ్డు ఉండారు. డ్రాగన్ ఏజ్ 2 (2011). జనం ఆ ఆటను తిట్టిపోసినారు, ఒకటే గుహను పదిసార్లు తిప్పినందుకు. తిట్టేది న్యాయమే. కానీ అందులో ఫ్రెండ్‌షిప్ (స్నేహం), రైవల్రీ (వైరం) అని పెట్టినారు సూడు, అట్లాంటిది మళ్లీ ఎవరూ చేయలేదు. ఫెన్‌రిస్ అనే కంపానియన్ బానిసగా బతికి మంత్రగాళ్లంటే మండిపడేవాడు. నా పాత్ర హాక్ మంత్రగాడు, మంత్రగాళ్ల పక్షం. ఆట పొడుగునా ఇద్దరికీ పడలేదు. అయినా వాడు నాతోనే ఉన్యాడు. రైవల్రీ నిండిపోతే అదీ ఒక బంధమే, దానికి వేరే మాటలు, వేరే సీన్లు. ఇద్దరు మనుషులు ఒకరినొకరు గౌరవిస్తా కొట్లాడుకోవచ్చు అని చూపించినారు.

అందులో అన్నింటికన్నా నష్టం మధ్యలో ఉండేవానికే. అందరికీ కొంచెం కొంచెం నచ్చేట్టు మాట్లాడుకుంటా పోతే ఇసబెల్లా అనే కంపానియన్ కథలో కీలకమైన ఒక గ్రంథం పట్టుకొని పోయి మళ్లీ రాదు. గట్టి స్నేహమన్నా ఉండాల, గట్టి వైరమన్నా ఉండాల. అప్పుడే తిరిగొస్తాది. వేటగాడన్నా, నీ పాలడిన్‌ని ఆ ఆటలో వదిలితే ఎఫ్8 పనిచేయదు.

నల్లమల_వేటగాడు
@కడప_కారం ఇది నేను ఆడలేదు. జనం తిట్టారని పక్కన పెట్టేశాను. ఇదే నాకు కావాల్సింది అనిపిస్తోంది. కానీ ఒక సందేహం. రైవల్రీ కూడా నింపుకునే బారే కదా? కావాలని తిట్టి తిట్టి నింపేవాళ్లు ఉండరా?

కడప_కారం
ఉండారు. ఎందుకు ఉండరు. కానీ తిట్టి నింపాలంటే కూడా ఒక పక్షం తీసుకోవాల కదా. ఊరికే నవ్వుకుంటా ఉంటే నిండదు.

కథల_కమ్మరి
నేను ఒక చిన్న స్టూడియోలో డైలాగులు రాస్తాను. అంతకు ముందు కాలేజీలో ఉండగా నెవర్‌వింటర్ నైట్స్ ఆటతో వచ్చిన ఆరోరా టూల్‌సెట్‌లో సొంత మాడ్యూల్స్ చేసుకునేవాణ్ణి. లోపలి సంగతి కొంచెం చెబుతాను, ఈ చర్చకు పనికొస్తుంది.

రాసేవాడి చేతిలో ఉండేవి రెండే పనిముట్లు. ఒకటి లెక్క: మంచి మాటకు ఐదు కలుపు, చెడ్డ మాటకు ఐదు తీసెయ్, యాభై దాటితే ఈ సీన్ తెరువు. రెండోది గుర్తు: "ఫలానా పని చేశాడు" అని ఒక ఫ్లాగ్. అలిస్టర్ వెళ్లిపోవడం ఫ్లాగ్. మోరిగన్‌కి నగ ఇవ్వడం లెక్క. లెక్కతో పని తేలిక. ఎన్ని నిర్ణయాలైనా ఒకే డబ్బాలో పడతాయి, చివర్లో డబ్బా నిండిందా లేదా చూస్తే చాలు. ఫ్లాగ్ అలా కాదు. ప్రతి ఫ్లాగ్‌కూ విడిగా రాయాలి, విడిగా గొంతు పెట్టించాలి, విడిగా పరీక్షించాలి. ఐదుగురు కంపానియన్లు, నాలుగు పెద్ద నిర్ణయాలు అనుకోండి, ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు, ఎవరికి ఏం తెలుసు అన్న కలయికలు చేయి దాటిపోతాయి.

ఇంకో సంగతి, దీన్ని బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు. కంపానియన్ వెళ్లిపోవడమంటే, ఆ పాత్ర కోసం రాసిన మిగతా కథంతా ఆ ఆటగాడికి దక్కదు. నటుడితో చెప్పించిన గంటల కొద్దీ మాటలు మూలన పడతాయి. అందుకని డబ్బు పెట్టేవాళ్లు వణుకుతారు. "వెళ్లిపోకుండా కోప్పడితే చాలదా?" అని అడుగుతారు. బాల్డర్స్ గేట్ 3లో గ్రోవ్ (టీఫ్లింగులు తలదాచుకున్న చోటు) మీద దాడి చేస్తే విల్, కార్లాక్ అనే కంపానియన్లు ఇద్దరూ పోతారు, హాల్సిన్ అనే ఇంకొకడు దక్కడు. అంత పెద్ద ముక్కను వదులుకునే ధైర్యం ఆ ఆటను చేసిన లారియన్ స్టూడియో చేసింది. నోటిఫికేషన్ మీద కోపంతో ఆ ధైర్యాన్ని మర్చిపోవద్దని నా మనవి.

డాలస్_బావ
ఆ గ్రోవ్ దగ్గరే మా ఇంట్లో చీలిక వచ్చింది. నేను ఇక్కడ, మా బావమరిది గుంటూరులో, ఇద్దరం కోఆప్ (ఒకే ఆటను కలిసి ఆడటం). వాడు దాడి చేసేవాళ్ల నాయకురాలు మింతారాతో మాట్లాడి గ్రోవ్ గేటు తీయిస్తానంటాడు. నేను టీఫ్లింగుల వైపు.

గుంటూరు_బావమరిది
బావా, మింతారా వైపు వెళ్తే కథ ఎలా మారుతుందో చూడాలని అన్నానంతే. పిల్లల్ని చంపాలని కాదు.

డాలస్_బావ
కార్లాక్ వెళ్లిపోతుందని చెప్పాక ఒప్పుకున్నాడు. అంటే వాణ్ణి ఆపింది ధర్మం కాదు, కార్లాక్.

గుంటూరు_బావమరిది
దానికోసం ఆగడం తప్పా? మనుషులు చెడ్డ పని మానేది చాలాసార్లు పక్కవాళ్ల ముఖం చూసే.

పాతకాపు_నెట్‌సెంటర్
@గుంటూరు_బావమరిది ఈ దారంలో ఇప్పటిదాకా వచ్చిన మంచి మాట ఇదే తమ్ముడూ. వేటగాడు తన పాలడిన్ పక్కవాళ్ల మొహాలు చూస్తున్నాడని బాధపడుతున్నాడు. మొహాలు చూడటంలో తప్పేం లేదు. మూలకి చూడటమే తప్పు.

సంధ్యారాగం
వేటగాడు గారు మొదట్లో ఆస్టారియన్ పేరు ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. అతనికి క్రూరత్వమే నచ్చుతుంది, మంచి చేస్తే మొహం మాడ్చుకుంటాడు అని అందరూ తేల్చేస్తారు. మొదటి అంకంలో అలాగే ఉంటాడు కూడా. మీరు రెండో అంకంలోనే ఉన్నారు కాబట్టి మూన్‌రైజ్ టవర్స్‌లో అరాజ్ ఓబ్లోడ్రా అనే డ్రౌ వ్యాపారిని కలిసే ఉంటారు. రక్తంతో వ్యాపారం చేసే మనిషి. రక్తపిశాచి అయిన ఆస్టారియన్ తనని కొరకాలని, బదులుగా ఒక శక్తివంతమైన మందు ఇస్తానని బేరం పెడుతుంది. అతను ఇష్టం లేదంటాడు. అక్కడ మనం "ఒక్కసారే కదా, కొరికెయ్" అని ఒత్తిడి చేయొచ్చు. లాభం మనకే. లేదా "నీ ఇష్టం" అని వదిలేయొచ్చు.

రెండు వందల ఏళ్లు కాజడోర్ అనే యజమాని చేతిలో బానిసగా, ఎవరి దగ్గరికి పొమ్మంటే వాళ్ల దగ్గరికి పోయిన మనిషి అతను. "వద్దు" అనే హక్కు లేకుండా బతికినవాడు. మనం ఒత్తిడి చేస్తే ఇంకో కాజడోర్ అయినట్టే. అతని మాటను నిలబెడితే తర్వాత క్యాంప్‌లో వచ్చి మాట్లాడతాడు. వెటకారం లేకుండా, తడబడుతూ. నేను ఆ సీన్ దగ్గర చాలాసేపు ముందుకు నొక్కలేకపోయాను. నోటిఫికేషన్ పడిందా లేదా నాకు గుర్తే లేదు. రచన అంత బలంగా ఉన్నప్పుడు మూల ఎవరికీ కనిపించదు.

ఆస్టారియన్‌కు గొంతిచ్చిన నటుడు నీల్ న్యూబన్‌కు 2023 గేమ్ అవార్డుల్లో ఉత్తమ నటనకు బహుమతి వచ్చింది ఈ పాత్రకే. నాకైతే ఆ ఒక్క సీన్‌కే ఇచ్చినట్టు అనిపిస్తుంది.

నల్లమల_వేటగాడు
@సంధ్యారాగం అరాజ్ దగ్గరికి వెళ్లాను, ఆ సీన్ చూశాను. నేను "నీ ఇష్టం" అనే అన్నాను. అయితే అదీ ఎఫ్5 నొక్కాకే. మీరు చెప్పింది చదివాక అక్కడికి మళ్లీ వెళ్లి చూడాలనిపిస్తోంది.

మిర్చిబజ్జి_ఫ్యాన్
ఫాలౌట్ 4 సంగతి ఎవరూ చెప్పరేం? డాన్స్ అనే కంపానియన్‌ను వెంటబెట్టుకుని పవర్ ఆర్మర్ (యంత్ర కవచం) ఎక్కితే చాలు, నచ్చింది అంటాడు. కెయిట్‌కి తాళాలు తీస్తే నచ్చుతుంది. ఊరంతా తాళాలు తీసుకుంటూ పోతే రొమాన్స్ దాకా వెళ్లొచ్చు 😄

లెక్కల_మాస్టారు
ఆ ఆటను సమర్థించడం నా వల్ల కూడా కాదు.

ఓరుగల్లు_పోరడు
అదే కంపెనీ పేరు మీద వచ్చిన ఫాలౌట్: న్యూ వేగాస్ (2010) సూడున్రి మరి. చేసింది అబ్సిడియన్. బూన్ అని స్నైపర్, నోవాక్ ఊర్ల దొరుకుతడు. పెండ్లాన్ని లీజన్ అనే క్రూర సైన్యానికి అమ్మేసిన్రు. లీజన్ గుడ్డ కనబడితే చాలు, నువ్వు వద్దన్నా తుపాకి లేస్తది. నువ్వు వాళ్లతోని సంధి మాట్లాడుదామని పోయినవ్, వెనకకెల్లి బూన్ కాల్పులు షురూ జేస్తడు. గది చూడు స్పందన అంటే. ఏ మూలకేం రాదు. వానితోని ఎన్ని సంగతులు చూసినవో లోపట లెక్క ఉంటది, నిండినంక బిట్టర్ స్ప్రింగ్స్‌ల జరిగిన తన పాత ముచ్చట వాడే ఎత్తుతడు. అప్పటిదాక నోరిప్పడు.

విశాఖ_అల
నేను డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్ (2014) ఆడుతున్నప్పుడు ఐరన్ బుల్ అనే కంపానియన్‌తో రొమాన్స్ చేశాను. స్టార్మ్ కోస్ట్‌లో ఒక నిర్ణయం వస్తుంది: అతని కూలి దండు చార్జర్స్‌ను బతికించాలా, అతని జాతి కునారీల యుద్ధనౌకను కాపాడాలా. నౌకను కాపాడితే కునారీలతో పొత్తు దక్కుతుంది. నేను పొత్తు కావాలనుకున్నాను. బుల్ ఏమీ అనలేదు. మళ్లీ క్యాంప్‌లో నవ్వుతూనే ఉన్నాడు, అప్రూవల్ బాగానే ఉంది, రొమాన్స్ సాగింది.

2015లో దాని అదనపు భాగం ట్రెస్పాసర్ వచ్చింది. చివరి ఘట్టంలో కునారీల నుంచి అతనికి ఆజ్ఞ వస్తుంది. మన వైపు తిరిగి ఆయుధం ఎత్తుతాడు. ప్రేమించిన మనిషే. సంజాయిషీ లేదు. అతన్ని ఆ రోజు "నీవాళ్లను వదిలేయ్, నీ జాతి మాట విను" అన్నది నేనే, కాబట్టి అతను జాతి మాట విన్నాడు. నేను కంట్రోలర్ కింద పెట్టేసి బాల్కనీలోకి వెళ్లిపోయాను. మాస్టారూ, ఇక్కడ నంబర్ ఎంత ఉన్నా ఒకటే. ఇదే నాకు ఇన్నేళ్లలో తగిలిన అతి పెద్ద దెబ్బ, ఇదే అతి గొప్ప రచన కూడా.

లెక్కల_మాస్టారు
@విశాఖ_అల ఇది బాగుందండీ, ఒప్పుకుంటున్నాను. కానీ చూడండి, ఆ దెబ్బ తగలడానికి ముందు అప్రూవల్ అన్నది ఉండాలి. అంతా బాగుందని నంబర్ చెబుతూ ఉంటేనే కదా ఆ మోసం అంత లోతుగా దిగేది. నంబర్‌ను నమ్మించి, సమయం చూసి పక్కకు తోసేయడం. నేను మొదటి నుంచీ నంబర్ ఉండాలంటున్నది దానికే అనుకోండి.

డైస్20
మాస్టారు మొదట చెప్పింది ఇది కాదు కానీ, ఈ పాయింట్ బాగుంది 👏

తెనాలి_తంటా
నాది రివర్స్ కేసు. విచర్ 3 (2015). అందులో హీరోకు కూతురు లాంటి సిరి గురించి ఎక్కడా మీటర్ లేదు. నేను తండ్రిలా జాగ్రత్తగా చూసుకున్నాననుకున్నాను. లాడ్జ్ మంత్రగత్తెల దగ్గరికి ఒంటరిగా పంపకుండా తోడు వెళ్లాను. మనసు బాలేదంటే మంచుముద్దల ఆట వద్దని మందు పోశాను. ల్యాబ్‌లో సామాన్లు పగలగొడతానంటే ఆపాను. చక్రవర్తి దగ్గరికి తీసుకెళ్లి డబ్బూ పుచ్చుకున్నాను. అదైతే తప్పని ఎవరైనా చెబుతారు, కానీ మిగతావి? చివరికి సిరి తిరిగి రాలేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు. మూలన "సిరికి నచ్చలేదు" అని ఒక్కసారి పడి ఉంటే బాగుండేది.

సంధ్యారాగం
@తెనాలి_తంటా మీ బాధ నిజమే కానీ, నాకు ఆ ఆటలో అన్నింటికన్నా నచ్చింది అదే. లాడ్జ్‌కి తోడు వెళ్లడం ప్రేమే. కానీ సిరికి అక్కడ కావాల్సింది తన మీద నమ్మకం. ల్యాబ్‌లో సామాన్లు పగలగొడతానంటే ఆపడం పెద్దరికమే. ఆమెకు కావాల్సింది కోపం వెళ్లగక్కడం. పిల్లలు మనకు మార్కులు వేసి చూపించరు కదా. పెద్దయ్యాక తెలుస్తుంది.

తెనాలి_తంటా
మా అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఈ వాక్యం చదివి కాసేపు ఆగాను.

పెన్నా_ఒడ్డు
మనకు గురువులా వెంట ఉండే ముసలావిడ క్రేయా పేరు ఇంకా రాలేదా? కోటార్ 2 (2004). నార్ షడ్డాలో ఒకడు చెయ్యి చాచి అడుక్కుంటాడు. డబ్బిస్తే క్రేయా తిడుతుంది: వాడి చేతిలో డబ్బు చూసి ఇంకొకడు వాణ్ణి కొడతాడని కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. ఇవ్వకుండా బెదిరిస్తే అప్పుడూ తిడుతుంది: వాడు ఆ అక్కసు ఇంకొకరి మీద తీర్చుకుంటాడని చూపిస్తుంది. ఏం చేసినా మెచ్చుకోదు, కారణం అడుగుతుంది. నేను అంతదాకా ఆటల్లో దానం చేయడమంటే మంచితనం పాయింట్లు పోగేసుకోవడం అనుకున్నాను. ఆ ముసలావిడ నన్ను ఆలోచింపజేసింది.

ఇంకో గొప్ప సంగతి అందులో. కంపానియన్ల మీద మన ప్రభావం పెరిగితే వాళ్ల నీతి కూడా మన వైపు జరుగుతుంది. మనం చెడితే వాళ్లూ చెడతారు. ఆటన్ అనే కంపానియన్ లాంటి వాణ్ణి జెడై వీరుడిగా తీర్చిదిద్దవచ్చు, చీకట్లోకి లాక్కుపోనూవచ్చు. సంధ్యారాగం గారు లెలియానా గురించి చెప్పింది అక్కడ ఐదేళ్ల ముందే, ఇంకా పెద్ద ఎత్తున చేశారు.

కథల_కమ్మరి
@పెన్నా_ఒడ్డు క్రేయా దగ్గర నేను వృత్తిపరంగా నేర్చుకున్నది ఒకటి ఉంది. ఆవిడ స్పందన మన పని మీద కాదు, మన ఆలోచన మీద. చాలా ఆటల్లో కంపానియన్ "నువ్వు ఏం చేశావు" అని మాత్రమే చూస్తాడు. "ఎందుకు చేశావు" అని అడిగే కంపానియన్ దొరకడం అరుదు. డిస్కో ఎలీసియం (2019)లో మన తోటి డిటెక్టివ్ కిమ్ కిత్సురాగి అడుగుతాడు. కనుబొమ్మ ఎత్తుతాడు, నీలం పుస్తకంలో ఏదో రాసుకుంటాడు, ఒక్కోసారి నిట్టూరుస్తాడు. అంతే. లోపల నమ్మకానికి లెక్క ఉంది, తెర మీద చూపించరు. కానీ చివరి కాల్పుల సమయంలో అతను మనల్ని నమ్మాడా లేదా అన్నది పనికొస్తుంది. మాస్టారు అన్నట్టు దాచిన నంబర్ కూడా నంబరే. అయితే దాన్ని చూపించడానికి ఒక మనిషి మొహం వాడుకున్నారు.

విశాఖ_అల
కిమ్ ముందు పిచ్చి పని చేయాలంటే నాకు నిజంగా సిగ్గేసేది. ఇంకే ఆటలోనూ అలా లేదు. వేరేవాటిలో చెడ్డగా ఆడాలంటే సరదాగా ఉండేది, ఇక్కడ కిమ్ ఉన్నాడని మానేశాను.

గోదారి_గట్టు
మాస్ ఎఫెక్ట్ (2007) గురించి ఒక్క ముక్క. విర్మైర్ గ్రహం మీద రెక్స్ అనే కంపానియన్ మన మీద తుపాకి ఎత్తుతాడు, వాడి జాతి రోగానికి మందు దొరికే చోటును మనం పేల్చేస్తున్నామని. మాటకారితనం పాయింట్లు ఉంటే ఒప్పించొచ్చు. అవి లేకపోయినా, అంతకు ముందు వాడి కుటుంబ కవచం వెతికి తెచ్చి ఇచ్చి ఉంటే తగ్గుతాడు. నేను పాయింట్లు లేనివాణ్ణి. కవచం వల్లే బతికాడు. అప్పుడేదో చిన్న క్వెస్ట్ అని చేశాను, అది ఇక్కడ అక్కరకొచ్చింది. మూడో భాగంలో ఆ మందును పాడుచేసి రెక్స్‌ను మోసం చేస్తే తర్వాత సిటడెల్ అనే అంతరిక్ష కేంద్రంలో నిలదీయడానికి వస్తాడు. ఆ దారి నేను వీడియోలో చూశాను, ఆడలేను.

నల్లమల_వేటగాడు
నిన్నటి నుంచి అందరి పోస్టులూ చదువుతున్నాను. రాత్రి బాల్డర్స్ గేట్ 3లో గాంట్లెట్ ఆఫ్ షార్ అనే గుడి పూర్తి చేశాను. షార్‌ను కొలిచే కంపానియన్ షాడోహార్ట్ చేతిలో ఈటె, ఎదురుగా ఆమె చంపాల్సిన బందీ నైట్‌సాంగ్. ఎఫ్5 నొక్కలేదు. ఒప్పించే మాటలు పాచికతో వేయొచ్చు, నేను వేయలేదు. "నిర్ణయం నీదే" అన్నాను. ఆమె చాలాసేపు నిలబడి, ఈటెను అగాధంలోకి విసిరేసింది.

ఇంతకు ముందు క్యాంప్‌లో ఆమె గతం గురించి తవ్వకుండా, అడిగినప్పుడే విన్నాను. అది పనిచేసిందో లేదో నాకు తెలియనక్కర్లేదు. మాస్టారూ, మూలన ఏదో పడే ఉంటుంది, నేను చూడలేదు.

లెక్కల_మాస్టారు
పడింది. నేను ఆ సీన్ మూడు పాత్రలతో చూశాను 😀 కానీ చూడకపోవడమే మంచిది, ఒప్పుకుంటున్నా.

సంధ్యారాగం
మూడో అంకంలో కాజడోర్ భవనం ఉంది వేటగాడు గారూ. ఏడు వేల మంది ప్రాణాలు ఒక వైపు, వాళ్లను బలిచ్చి మహాశక్తి పొందాలన్న ఆస్టారియన్ కోరిక ఒక వైపు. ఊరికే కాదంటే వెళ్లిపోతాడు, సరేనంటే ఇంకేదో అయిపోతాడు. అక్కడ కూడా సేవ్ చేయకుండా వెళ్లండి. వెళ్లాక వచ్చి రాయండి.

కొత్త_బిచ్చగాడు
నేను ఇవేవీ ఆడలేదు. ఈ దారం చదివాక డ్రాగన్ ఏజ్ నుంచి మొదలుపెడదామనుకుంటున్నా. నా ల్యాప్‌టాప్ పాతది. ఆరిజిన్స్ నడుస్తుందా? నేరుగా రెండోది ఆడొచ్చా?

కడప_కారం
ఒకటోది ఆడి రెండోదానికి రా అన్నా. అలిస్టర్ తాగుబోతుగా కనబడితే ఎవురో తెలియకుంటే ఏం లాభం.

గోదారి_గట్టు
@కొత్త_బిచ్చగాడు పాత ల్యాప్‌టాప్ చాలు. కొత్త విండోస్ మీద మధ్యమధ్యలో ఆగిపోతుంది, ముఖ్యంగా డెనెరిమ్ ఊళ్లో. 4 జీబీ ప్యాచ్ అని ఒక చిన్న సవరణ ప్రోగ్రామ్ దొరుకుతుంది, అది వేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. రెడ్‌క్లిఫ్ కోటలో ఎయిమన్ గది బల్ల వెతకడం మర్చిపోకు, లాకెట్ అక్కడే ఉంటుంది.